రెండు కనిపించని రెట్టింపుల సంఖ్య

చదరంగం కనిపెట్టినవాడు రాజును బల్ల నిండా గింజలు అడిగిన కథ చిన్నప్పుడు విననివాళ్లు అరుదు. కథ చివర వచ్చే ఇరవై అంకెల సంఖ్యను చూసి నోరెళ్లబెట్టడంతోనే చాలామంది ఆగిపోతారు. ఆ సంఖ్యను విప్పి చూస్తే లోపల ఓ తెలుగు పద్యం, ఓ మహా గణితవేత్త పొరపాటు, స్కేలూ కంపాసులతో గీసే బహుభుజులు, చేతిలో ఉన్న ఫోనూ అన్నీ బయటపడతాయి.

1,84,46,74,40,73,70,95,51,615.

కోట్లలో చెప్పుకోవాలంటే ఒక లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు, ఆపైన 44 లక్షల 7 వేల 370 కోట్లు, ఇంకా 95 లక్షల 51 వేల 615. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే తేలే మొత్తం ఇది. గణితం భాషలో 2⁶⁴ − 1.

ఇందులో ఓ తమాషా ఉంది. రెండును రెండుతో హెచ్చవేస్తూ పోతేనే ఈ సంఖ్య పుట్టింది. కానీ ఇరవై అంకెల్లో ఎక్కడా 2 లేదు! సున్నా నుంచి తొమ్మిది దాకా మిగతా అంకెలన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. దీనికి పెద్ద కారణమేమీ లేదు, యాదృచ్ఛికమే. అయితే ఈ సంఖ్యలో యాదృచ్ఛికం కాని సంగతులు చాలా ఉన్నాయి. అసలు కథంతా వాటిదే.

వరస దాటితే 256 రెట్లు

ముందు గింజల సంగతి. మామూలు బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు తూగుతుందనుకుందాం. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి లాంటి సన్న రకమైతే ఇంకా తక్కువే. బల్ల మీద వరసకు ఎనిమిది గళ్లు. మొదటి వరస పూర్తయ్యేసరికి పడేది 255 గింజలు, అంటే అయిదు గ్రాములు. గుప్పెడు కూడా కాదు.

రెండో వరస ముగిసేసరికి 65,535 గింజలు. బరువు కిలో మూడొందల గ్రాములు. ఓ చిన్న కుటుంబానికి రెండు మూడు పూటల అన్నం. మూడో వరసకు 335 కిలోలు, పాతిక కిలోల బస్తాలు పదమూడు దాటతాయి. నాలుగో వరస చివర, సరిగ్గా సగం బల్ల నిండాక, గింజలు 4,29,49,67,295. తూకం దాదాపు 86 టన్నులు. పది టన్నుల లారీలు తొమ్మిది చాలు. ఇక్కడిదాకా ఏ రాజైనా నవ్వుతూనే ఇచ్చేస్తాడు.

చిక్కంతా రెండో సగంలోనే. అయిదో వరసకు 21,990 టన్నులు. ఆరో వరసకు 56 లక్షల టన్నులు. ఏడో వరసకు 144 కోట్ల టన్నులు, అంటే ఇప్పుడు ప్రపంచమంతా కలిసి దాదాపు మూడేళ్లలో పండించే బియ్యం. ఎనిమిదో వరస పూర్తయితే 36,893 కోట్ల టన్నులు. ఏటా సుమారు 53 కోట్ల టన్నుల చొప్పున పండిస్తూ, ఒక్క గింజ తినకుండా దాచినా దాదాపు 700 ఏళ్లు పడుతుంది.

వరస మారిన ప్రతిసారీ మొత్తం సుమారు 256 రెట్లవుతోంది. ఇంకో సంగతి. ఏ గడి తీసుకున్నా, దాని ముందున్న గళ్లన్నిటి మొత్తం కన్నా అందులో ఒక్క గింజ ఎక్కువ ఉంటుంది. 64వ గడి ఒక్కటే మిగతా 63 గళ్లనూ మించిపోతుంది. రాజుకు కొంప ముంచేది ఆఖరి గడే.

ఆరు గుణకారాల్లో ఇరవై అంకెలు

ఈ కథలో అడిగినవాడు భారతీయుడు, రాసిపెట్టినవాళ్లలో ప్రసిద్ధులు అరబ్బీ రచయితలు. 13వ శతాబ్దంలో ప్రముఖుల జీవిత చరిత్రల నిఘంటువు కూర్చిన ఇబ్న్ ఖల్లికాన్, చదరంగం కనిపెట్టిన సిస్సా రాజును ఈ కోరిక కోరాడని రాశాడు. అక్కడ బియ్యం కాదు, గోధుమలు. మొదట తానూ ఈ లెక్కను నమ్మలేదనీ, అలెగ్జాండ్రియాకు చెందిన ఓ లెక్కల మనిషి కాగితం మీద చేసి చూపించాకే నమ్మాననీ చెప్పుకున్నాడు. ఆ లెక్కల మనిషి గింజల్ని కొలపాత్రలకూ, పాత్రల్ని గాదెలకూ, గాదెల్ని నగరాలకూ మారుస్తూ వచ్చి, చివరి గడికి 16,384 నగరాల ధాన్యం కావాలని తేల్చాడట. ఇటలీలో ఫిబొనాచీ కూడా 1202 నాటి తన గణిత గ్రంథంలో ఈ లెక్కకు చోటిచ్చాడు.

వీళ్లందరికన్నా ముందు, దాదాపు క్రీ.శ. 1000లో, ఖ్వారజ్మ్ పండితుడు అల్ బిరూనీ ఈ మొత్తాన్ని అంకెలతో సహా కచ్చితంగా ఇచ్చాడు. తర్వాతి కాలంలో భారతదేశం గురించి పెద్ద గ్రంథం రాసింది కూడా ఈయనే. 64 సార్లు రెట్టించుకుంటూ పోవాల్సిన పని లేదని ఆయనకు తెలుసు. వర్గాలు కడితే చాలు.

2 వర్గం 4. నాలుగు వర్గం 16. పదహారు వర్గం 256. దాని వర్గం 65,536. దాని వర్గం 4,29,49,67,296. దాని వర్గం 1,84,46,74,40,73,70,95,51,616. ఇందులోంచి ఒకటి తీసేస్తే జవాబు. మొత్తం ఆరే గుణకారాలు! మొదటి నాలుగూ నోటిలెక్కలే. అయిదోది బడిపిల్లలు చేయగలరు. ఆరోదానికి మాత్రం కాస్త ఓపిక కావాలి, ఓ తెల్ల కాగితం కావాలి.

చంపకమాలలో చదరంగం

ఇరవై అంకెల్ని గుర్తుపెట్టుకోవడం ఎలా? తెలుగువాళ్ల దగ్గర దీనికి పద్యమే ఉంది. పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉన్న ఓ చంపకమాల ఈ మొత్తాన్ని ఒక్క అంకె కూడా పొల్లుపోకుండా చెబుతుంది. 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడి ‘గణితసారసంగ్రహం’ను 11వ శతాబ్దంలో తెలుగులోకి తెచ్చినవాడు మల్లన. తెలుగులో తొలి గణిత గ్రంథకర్తగా ఆయనకు పేరు.

పద్యం నడిచే తీరు భూతసంఖ్యా పద్ధతి. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1. ఆకాశం శూన్యం కాబట్టి 0. మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి బాణమంటే 5. కులపర్వతాలు ఏడు కాబట్టి కొండ అంటే 7. ఏనుగంటే అష్టదిగ్గజాలు గుర్తొచ్చి 8. చదివేది మాత్రం ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి, కుడి నుంచి ఎడమకు.

అంకెలు కూర్చడంలో కవి నేర్పు చూడాలి. ఈ సంఖ్యలో 1 మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ చంద్రుడే, కానీ మూడు వేర్వేరు పేర్లతో. 7 మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ కొండే, అదీ మూడు పేర్లతో. 4 నాలుగు చోట్ల ఉంది. రెండు చోట్ల సముద్రం, ఒకచోట వేదం, ఒకచోట బ్రహ్మదేవుడి ముఖాలు. గణాలు తప్పలేదు, యతిప్రాసలు తప్పలేదు, అంకె కూడా తప్పలేదు. అంకెల్లో రాసిన సంఖ్యను నకలు చేసేటప్పుడు లేఖకుడు ఒక అంకె మార్చేస్తే పట్టుకోవడం కష్టం. పద్యంలో మాట మారితే ఛందస్సు కుంటుపడుతుంది, దొరికిపోతుంది. తప్పు దొర్లకుండా కాపాడే ఏర్పాటు పద్యం నడకలోనే ఉందన్నమాట.

మహావీరుడి గ్రంథంలో స్థానాల పేర్లు ఇరవై నాలుగు దాకా ఉన్నాయి, ఏకం నుంచి మహాక్షోభం వరకు. ఆ లెక్కన మన సంఖ్యలో అన్నిటికన్నా ఎడమన ఉన్న 1 ఇరవయ్యోదైన మహాశంఖం స్థానంలో ఉంది. చదరంగం బల్ల నిండినా ఆయన పేర్ల పట్టికలో ఇంకా నాలుగు స్థానాలు ఖాళీ!

ఏడు ముక్కలు

సంఖ్య ఎంత పెద్దదన్న ప్రశ్నకు జవాబు దొరికింది. దేనితో తయారైందన్నది తర్వాతి ప్రశ్న. ప్రతి సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టొచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. మామూలుగా ఇరవై అంకెల సంఖ్యను చేత్తో విడగొట్టాలంటే చుక్కలు కనిపిస్తాయి. ఇది మాత్రం తలుపు తీసుకునే కూర్చుంది.

చివరి అంకె 5 కాబట్టి అయిదుతో పోతుంది. అంకెలన్నీ కూడితే 87. అది మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. కాబట్టి ఈ సంఖ్యలో 3 ఒక్కసారే ఉంది. మిగతావాటికి బడిలో నేర్చిన ఒక్క సూత్రం చాలు. రెండు వర్గాల తేడా అంటే ఆ రెంటి మొత్తాన్ని ఆ రెంటి తేడాతో హెచ్చవేసినట్టే. 2⁶⁴ ఒక వర్గం, 1 ఒక వర్గం. కాబట్టి 2⁶⁴ − 1 అంటే 2³² − 1 ఇంటూ 2³² + 1. మొదటి ముక్క సగం బల్ల గింజల మొత్తం. దాన్ని మళ్లీ అదే సూత్రంతో కోస్తే 2¹⁶ − 1, 2¹⁶ + 1. మళ్లీ కోయాలి. అలా కోస్తూ పోతే చివరికి మిగిలేవి ఇవి: 3, 5, 17, 257, 65,537, వీటి తర్వాత 4,29,49,67,297.

చదరంగం బల్లతో పోల్చి చూస్తే వరసలు కూడా కుదురుతాయి. మొదటి వరస మొత్తం 255 అంటే 3 × 5 × 17. రెండు వరసల మొత్తానికి 257 తోడవుతుంది. నాలుగు వరసలకు 65,537 చేరుతుంది. బల్ల పూర్తిగా నిండాలంటే చివరి ముక్క కావాలి. ఆ చివరి ముక్క దగ్గరే ఓ మహానుభావుడు పప్పులో కాలేశాడు.

ఫెర్మా తప్పు, ఆయిలర్ పట్టు

ఫ్రాన్స్‌లోని తులూజ్ న్యాయస్థానంలో ఉద్యోగం, తీరిక వేళల్లో గణితం. ఇదీ పియర్ ద ఫెర్మా జీవితం. 1640లో ఆయన 3, 5, 17, 257, 65,537 అనే వరసను గమనించాడు. అన్నీ ప్రధాన సంఖ్యలే. తర్వాతిది 4,29,49,67,297. అది కూడా ప్రధాన సంఖ్యేననీ, ఈ వరసలో వచ్చేవన్నీ అంతేననీ నమ్మాడు. తన దగ్గర రుజువు లేదని ఒప్పుకుంటూనే మిత్రులకు ఉత్తరాలు రాశాడు. అప్పటినుంచీ వీటికి ఫెర్మా సంఖ్యలని పేరు. లెక్క సున్నా నుంచి మొదలెడతారు కాబట్టి 3 సున్నావది, 4,29,49,67,297 అయిదోది.

దాదాపు తొంభై ఏళ్లు ఎవరూ దాని జోలికి పోలేదు. 1729 డిసెంబర్‌లో క్రిస్టియన్ గోల్డ్‌బాక్ ఈ విషయం గుర్తుచేస్తూ లియోన్‌హార్డ్ ఆయిలర్‌కు ఉత్తరం రాశాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. 1732లో, పాతికేళ్ల వయసులో, ఆయిలర్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో ప్రకటించాడు: అయిదో ఫెర్మా సంఖ్య 641తో నిశ్శేషంగా పోతుంది!

ఎలా పట్టుకున్నాడు? ఎడాపెడా భాగహారాలు చేసి కాదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలని తర్వాతి వ్యాసంలో ఆయన నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యల్ని వరసగా రాస్తే 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే చేప వలలో పడుతుంది. దీనికి ఆయన వాడిన పనిముట్టు ఫెర్మా ‘చిన్న సిద్ధాంతం’. అదే 1640లో ఫెర్మా స్వయంగా ఉత్తరంలో రాసి పంపిన సిద్ధాంతం. సొంత కత్తితోనే సొంత ఊహ తెగిపోయిందన్నమాట.

సరిచూసుకోవడం సులువు. 641తో భాగిస్తే వచ్చేది 67,00,417. దాన్ని 600తో హెచ్చవేస్తే 4,02,02,50,200. నలభై ఒకటితో హెచ్చవేస్తే 27,47,17,097. రెండూ కూడితే 4,29,49,67,297. లెక్క సరిపోయింది.

గుణకారమే చేయకుండా తేల్చే దారి కూడా ఉంది. దాని అందమే వేరు. 641ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి 5 × 2⁷ + 1, రెండోది 5⁴ + 2⁴. మొదటి రూపాన్ని బట్టి 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1. దాన్ని నాలుగుసార్లు హెచ్చవేస్తే 5⁴ × 2²⁸కు శేషం 1. రెండో రూపాన్ని బట్టి 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1 అవుతుంది. అంటే 2³² + 1కు శేషం సున్నా. నాలుగు అడుగుల్లో రుజువు పూర్తి.

67,00,417 కూడా ప్రధాన సంఖ్యే. కాబట్టి చదరంగం సంఖ్య మొత్తం ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండోసారి రాదు. ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో చేస్తే భాజకాలు తేలతాయి. అలా 1తోనూ ఆ సంఖ్యతోనూ కలిపి సరిగ్గా 128 భాజకాలు, అంటే 2⁷. అంకెల్లో ఎక్కడా కనిపించని రెండు ఇక్కడ పలకరిస్తుంది.

సగం బల్లలో జ్యామితి

ఫెర్మా ఊహ తప్పయినా ఆయన ఇచ్చిన అయిదు ప్రధాన సంఖ్యలు వృథా పోలేదు. 1796 మార్చి 30న, పందొమ్మిదో పుట్టినరోజుకు నెల రోజుల ముందు, కార్ల్ ఫ్రెడరిక్ గౌస్ ఓ సంగతి కనిపెట్టాడు. పదిహేడు సమాన భుజాల బహుభుజిని కేవలం స్కేలు, కంపాసులతో గీయొచ్చు! గ్రీకుల కాలం నుంచీ త్రిభుజం, చతురస్రం, పంచభుజి, వీటి నుంచి పుట్టేవి తప్ప మరో సమబహుభుజిని అలా గీయగలమని ఎవరికీ తెలియదు. రెండు వేల ఏళ్ల తర్వాత కొత్తది దొరికింది. గౌస్ దినచర్య పుస్తకంలో మొట్టమొదటి నమోదు ఇదే.

1801లో ఆయన అసలు నియమాన్ని ప్రకటించాడు. భుజాల సంఖ్య బేసి అయితే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమైనప్పుడే ఆ బొమ్మ గీయడం కుదురుతుంది. ఆ షరతు తప్పనిసరి అని 1837లో పియర్ వాంట్సెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఇప్పటికీ అయిదే. వాటిని రకరకాలుగా కలిపితే 31 బేసి బహుభుజులు వస్తాయి. అన్నిటికన్నా పెద్దదాని భుజాలు 4,29,49,67,295. సగం బల్ల మీద పడ్డ గింజల సంఖ్య సరిగ్గా అదే! తొమ్మిది లారీల బియ్యంలో ఎన్ని గింజలున్నాయో అన్ని భుజాలున్న బొమ్మ అన్నమాట. కంటికి అది వృత్తంలాగే కనిపిస్తుంది.

సిద్ధాంతం చెప్పడం ఒకటి, గీసే పద్ధతి రాసిపెట్టడం మరొకటి. 65,537 భుజాల బొమ్మ కోసం జర్మన్ గణితవేత్త యోహాన్ గుస్తావ్ హెర్మెస్ పదేళ్లు వెచ్చించాడు. 1894లో ముగిసిన ఆ రాతప్రతి గొట్టింగెన్ విశ్వవిద్యాలయానికి చేరింది.

బల్ల మీద తొమ్మిది చోట్ల

64 గళ్ల మొత్తం ఏడు ముక్కలైంది. మధ్యలో ఎక్కడైనా ఆగితే? మొదటి రెండు గళ్ల మొత్తం 3, మొదటి మూడింటిది 7, మొదటి అయిదింటిది 31. ఇవి ప్రధాన సంఖ్యలు. నాలుగు గళ్లకు 15, ఆరు గళ్లకు 63. ఇవి కావు. గళ్ల సంఖ్య ప్రధానం కాకపోతే మొత్తం కూడా ప్రధానం కాలేదు. గళ్ల సంఖ్య ప్రధానమైనంత మాత్రాన మొత్తం కూడా అవుతుందన్న హామీ లేదు. పదకొండు గళ్లకు వచ్చే 2,047 అంటే 23 × 89.

బల్ల మొత్తం మీద ఇలాంటి చోట్లు తొమ్మిదే ఉన్నాయి: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61వ గళ్లు. 31వ గడి దాకా వచ్చే 2,14,74,83,647 ప్రధాన సంఖ్యేనని 1772లో తేల్చింది కూడా ఆయిలరే. 61వ గడి దాకా వచ్చే 23,05,84,30,09,21,36,93,951 సంగతిని 1883లో రష్యాకు చెందిన ఇవాన్ పెర్వూషిన్ అనే పల్లెటూరి చర్చి పూజారి నిరూపించాడు. ఈ తరహా ప్రధాన సంఖ్యల పట్టికను 1644లో ప్రకటించిన ఫ్రెంచి సన్యాసి మరిన్ మెర్సెన్ కూడా 61ని వదిలేశాడు.

అదే 1883లో మరో ఫ్రెంచివాడు ఎడ్వార్డ్ లూకాస్ ఓ ఆటబొమ్మను అమ్మకానికి పెట్టాడు. మూడు పుల్లలు, వాటి మీద పేర్చిన చక్రాలు. పెద్ద చక్రం చిన్నదాని మీదికి ఎక్కకుండా, ఒక్కోసారి ఒక్కటే కదుపుతూ మొత్తాన్ని మరో పుల్లకు మార్చాలి. ‘హనోయి టవర్’ పేరుతో ఇప్పటికీ కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు కుస్తీ పట్టే లెక్క ఇదే. దీనికి తోడుగా ఓ కథ కూడా పుట్టింది. కాశీలోని ఓ గుడిలో వజ్రపు సూదుల మీద 64 బంగారు చక్రాలున్నాయనీ, పూజారులు రాత్రింబవళ్లు వాటిని మారుస్తుంటారనీ, పని పూర్తయిన రోజున ప్రపంచం అంతమవుతుందనీ. కథ ఫ్రాన్స్‌లో అల్లిందే.

మూడు చక్రాలకు 7 ఎత్తులు, నాలుగింటికి 15. చక్రం పెరిగినప్పుడల్లా ఎత్తులు రెట్టింపై ఒకటి కలుస్తుంది. 64 చక్రాలకు కావాల్సిన ఎత్తులు మన ఇరవై అంకెల సంఖ్యే. సెకనుకో ఎత్తు చొప్పున వేసినా దాదాపు 58,450 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. దానికి నలభై రెండు రెట్లు. ప్రపంచాంతం గురించి అప్పుడే బెంగ అక్కర్లేదు.

జేబులో ఉన్న బల్ల

ఈ సంఖ్య ఇప్పుడు కథల్లో కన్నా ఫోన్లలో ఎక్కువ పని చేస్తోంది. కంప్యూటర్‌కు తెలిసింది 0, 1 అనే బిట్లు మాత్రమే. ఎనిమిది బిట్లు ఒక బైటు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 255, అంటే చదరంగం మొదటి వరస మొత్తం. తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల మోతాదును 0 నుంచి 255 దాకా కొలిచేది అందుకే. రెండు బైట్లలో పట్టేది 65,535. నాలుగు బైట్లలో సగం బల్ల. ఎనిమిది బైట్లు, అంటే 64 బిట్లూ 1గా మారితే వచ్చేది 1,84,46,74,40,73,70,95,51,615. దానికి మరొక్కటి కలిపారా, అన్ని బిట్లూ గిర్రున తిరిగి సున్నా అయిపోతాయి.

సగం బల్ల చాలదని ప్రపంచం ఈమధ్యే తెలుసుకుంది. పాత పద్ధతిలో ఇంటర్నెట్ అడ్రసులు 2³², అంటే దాదాపు 429 కోట్లు. చివరి గంపగుత్త పంపకం 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. కొత్త పద్ధతి అయిన ఐపీవీ6లో మామూలుగా ఒక్కో స్థానిక నెట్‌వర్క్‌కే 2⁶⁴ అడ్రసులు కేటాయిస్తారు. ఒక ఇంటి వైఫైకి రాజు ఇవ్వలేకపోయిన గింజలన్ని అడ్రసులు!

ధన, రుణ సంఖ్యలు రెండూ రాయాలంటే ఒక బిట్టు గుర్తు కోసం పోతుంది. అప్పుడు 32 బిట్లలో పట్టేది 2,14,74,83,647 మాత్రమే, ఆయిలర్ నిరూపించిన ప్రధాన సంఖ్య. 2014లో ‘గంగ్నమ్ స్టైల్’ పాట వీక్షణలు ఈ గీత దాటబోతున్నాయని యూట్యూబ్ తన లెక్కింపును 64 బిట్లకు మార్చింది. ఆ కొత్త గీత 92,23,37,20,36,85,47,75,807. బల్ల మీద మొదటి 63 గళ్ల మొత్తం అది.

ఇంకా మారని యంత్రాలు కొన్ని ఉన్నాయి. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల గడియారాలకు 2038 జనవరి 19న నిండుతుంది. మన సమయం ప్రకారం ఆ ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. ఆ మరుక్షణం అవి 1901లోకి వెళ్లిపోతాయి. 64 బిట్లకు మారినవాటికి ఆ బాధ లేదు.

బల్ల పెద్దదైతే...

ఫెర్మా వరసలో అయిదోది మొదలు ముప్పై రెండోది దాకా ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదని ఇప్పటికే తేలింది. ముప్పై మూడోదాని సంగతి తేలలేదు. దానికి సుమారు 258 కోట్ల అంకెలు. ఆరో ఫెర్మా ప్రధాన సంఖ్య ఒకటి ఎక్కడైనా ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. అది దొరికిన రోజున గౌస్ జాబితాలోని 31 బహుభుజులు ఒక్కసారిగా 63 అవుతాయి.

గింజల మొత్తం ప్రధాన సంఖ్య అయ్యే చోట్ల వేట మాత్రం జోరుగా సాగుతోంది. 64 గళ్ల బల్లకు బదులు 13,62,79,841 గళ్ల బల్ల ఊహించుకుని గింజలు రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం ప్రధాన సంఖ్యేనని 2024 అక్టోబర్‌లో తేలింది. దానికి 4,10,24,320 అంకెలు. మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే. పట్టుకున్నది ప్రపంచవ్యాప్తంగా వలంటీర్ల కంప్యూటర్లతో నడిచే ‘గింప్స్’ అనే ప్రాజెక్టు. ఇంట్లో మామూలు కంప్యూటర్, ఇంటర్నెట్ ఉంటే ఎవరైనా ఉచితంగా చేరొచ్చు. అంతకన్నా ముందు, సెలవుల్లో పిల్లల చేతికి ఓ తెల్ల కాగితం ఇచ్చి అల్ బిరూనీ ఆరు గుణకారాలూ చేయించండి. చివరి జవాబులో ఎక్కడైనా 2 కనిపిస్తే లెక్క తప్పినట్టే.